భద్రమా? దాపరికమా?



ఈ వారం ఒక ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. అడిగింది మా తిరుపతి అబ్బాయే, ఇంజనీరింగులో నాకు జూనియర్. ఇప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తా ఉన్నాడు. ఆరేళ్ళు సిగరెట్ తాగాడు, ఏడాది కింద మానేశాడు. దాని బదులు వేప్ పట్టుకున్నాడు. ఆ పరికరంలో పోసే ద్రవం బయట దొంగచాటుగా కొంటే ఏం కలుపుతారో తెలియదని ఇప్పుడు తానే ఇంట్లో కలుపుకోవడం మొదలుపెట్టాడు. మాల వేసుకోబోతూ నన్ను అడిగాడు:

"అన్నా, దీంట్లో పొగాకు లేదు, పొగ లేదు, నిప్పు లేదు. గ్లిజరిన్ మొక్కల నుంచి తీసిందే. కొలత తప్పకుండా నేనే కలుపుతాను. ఎవరి మొహాన పొగ ఊదను. నా ఒళ్ళు, నా ఊపిరితిత్తులు. దీంట్లో తప్పు యాడ ఉంది?"

నవ్వి కొట్టేసే ప్రశ్న కాదు ఇది. "ఛీ, మాల వేసుకుని ఏం మాటలవి" అని గద్దిస్తే వాడు నోరు మూసుకుంటాడు, అంతే. సమాధానం దొరికినట్టు కాదు. అందుకే ముందు వాడి పక్షాన నిలబడి ఆలోచించాను.

వాడి వాదనలో నిజం ఉంది. సిగరెట్ కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్ దీంట్లో ఉండవు. సిగరెట్ మానలేనివాళ్ళు వేప్‌కి మారితే నష్టం తగ్గుతుందని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవే చెప్తా ఉంది. పూర్తిగా మంచిదని కాదు, సిగరెట్ కంటే తక్కువ చెడ్డదని. పైగా వీడు కొలిచి కలుపుతున్నాడు. మన పెద్దవాళ్ళు నియమం అన్నది కూడా ఇలాంటి జాగ్రత్తనే కదా అనిపిస్తుంది. మరి ఇబ్బంది ఎక్కడ?

మొదటి ఇబ్బంది "శుద్ధమైన సరుకు" అనే మాటలో ఉంది. తినడానికి శుద్ధమైంది పీల్చడానికి శుద్ధం అని ఎవరు చెప్పారు? మన నాలుకకీ కడుపుకీ లివరుకీ ఉన్న కాపలా ఊపిరితిత్తులకి లేదు. వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ అనే పదార్థం తిండిలో వాడతారు. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో దాని ఆవిరి పీల్చిన కార్మికులకి బాగుచేయలేని ఊపిరితిత్తుల జబ్బు వచ్చిందని 2000లో బయటపడింది. విటమిన్ ఇ అసిటేట్ మాత్రల్లో, ఒంటికి రాసుకునే క్రీముల్లో ఉంటుంది. అదే పదార్థం వేప్ ద్రవంలో కలిసి, 2019లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతినడానికి ముఖ్య కారణమైంది. 2020 ఫిబ్రవరి నాటికి అక్కడ లెక్కకి వచ్చిన కేసులు 2,807, అందులో మరణాలు 68. ఎక్కువ మంది వాడినవి గంజాయి సారం కలిపిన, అనధికారికంగా దొరికే సరుకులు.

ఇంకోటి, "మొక్కల గ్లిజరిన్" అని సీసా మీద ఉన్నంత మాత్రాన లోపల అదే ఉందని నమ్మకం ఏంటి? గ్లిజరిన్‌లో, ప్రొపిలిన్ గ్లైకాల్‌లో కలిసే విషం పేరు డైఇథిలిన్ గ్లైకాల్. చూడ్డానికి అలాగే చిక్కగా ఉంటుంది, తియ్యగా కూడా ఉంటుంది. 1986లో ముంబయి జేజే ఆసుపత్రిలో కల్తీ గ్లిజరిన్ వల్ల 14 మంది రోగులు చనిపోయారు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా పసిపిల్లల్ని బలిగొన్న దగ్గు మందులో ఉన్నదీ ఇదే. పరీక్షలు చేసే యంత్రాలు ఉండాల్సిన చోటే ఇలా జరిగితే, వంటింట్లో తూకం యంత్రం పెట్టుకున్నవాడికి తెలిసేదెట్లా?

ఇదంతా చెప్తే వాడు ఒక్క మాటతో నన్ను ఆపేశాడు. "సరే అన్నా, రిస్క్ ఉంది. కానీ ఆ రిస్క్ నాది."

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఆ రిస్క్ నిజంగా వాడొక్కడిదేనా?

పీల్చే క్షణం గురించి మాట్లాడితే అది వాడిదే అనిపిస్తుంది. కానీ పీల్చేది రోజు మొత్తం మీద కలిపితే ఒక గంట ఉంటుందేమో. మిగతా ఇరవై మూడు గంటలు ఆ సీసా ఎక్కడో ఒక చోట ఉంటుంది. అది ఉండేది వాడి ఊపిరితిత్తుల్లో కాదు, ఇంట్లో. ఆ ఇంట్లో అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అక్క కూతురు రెండేళ్ళ పాప ఉంది.

అందుకే నేను వాడిని "ఎందుకు పీలుస్తున్నావు" అని అడగలేదు. "యాడ పెడతా ఉన్నావు?" అని అడిగాను.

సమాధానం రావడానికి కాస్త టైం పట్టింది. నికోటిన్ ద్రవం వేడికీ వెలుతురుకీ గాలికీ రంగు మారి పాడవుతుంది. మన తిరుపతి ఎండాకాలం సంగతి తెలిసిందే, 40 డిగ్రీలు దాటుతుంది. చల్లగా, చీకటిగా ఉండే చోటు కావాలి. అంటే ఫ్రిజ్. ఆ ఫ్రిజ్‌లో ఏముంటాయి? పెరుగు, ఇడ్లీ పిండి, పాప పాలు, రేపటి పూజకి తడిగుడ్డలో చుట్టిన పూలు, కొబ్బరి చిప్పలు. ఆ ద్రవానికి అన్నిటికంటే మంచి చోటు ఇంట్లోవాళ్ళకి అన్నిటికంటే చెడ్డ చోటు. సరే, ఫ్రిజ్ వద్దనుకుని బీరువాలో బట్టల వెనక పెట్టాడు. ఎసెన్స్ సీసాలో పోసి, దాని మీద ఏమీ రాయకుండా. ఎందుకు రాయలేదు? రాస్తే అమ్మ చూస్తుంది.

లెక్క చూద్దాం, మనం ఇంజనీర్లం కదా. ఒక సిగరెట్ నుంచి ఒంట్లోకి చేరే నికోటిన్ సుమారు 1 మిల్లీగ్రాము. మిల్లీలీటరుకి 6 మిల్లీగ్రాములున్న 30 మిల్లీలీటర్ల చిన్న సీసాలో మొత్తం 180 మిల్లీగ్రాములు ఉంటుంది. కలపడానికి తెప్పించుకునే చిక్కటి ద్రవం అయితే మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉండొచ్చు. ఒక టీస్పూను అంటే 500 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళ ప్రాణానికే ముప్పు తెచ్చే మోతాదు అది. పది, పన్నెండు కిలోల పాప సంగతి చెప్పనక్కర్లేదు.

తాగక్కర్లేదు కూడా, చర్మం గుండానూ ఎక్కుతుంది. తడిసిన పొగాకు ఆకు కోసే కూలీలకి వాంతులు, తలతిరుగుడు వస్తాయి. వైద్యంలో దానికి పచ్చి పొగాకు జబ్బు అని పేరే ఉంది. మన రైతులు పేనుబంకకి పొగాకు కషాయం కొట్టేవాళ్ళంటే ఊరికే కాదు, నికోటిన్ పురుగుల్ని చంపే విషం. అలాంటి విషానికి మామిడిపండు వాసన కలిపి, పేరు లేని సీసాలో పోశాడు వీడు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి వాసన వస్తే చెయ్యి చాపని పసిబిడ్డ ఉంటుందా చెప్పండి?

"అన్నా, ఇంట్లో కర్పూరం కూడా విషమే కదా" అన్నాడు. మంచి పాయింటే. పూజ కర్పూరం బిళ్ళలు పసిపిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఫినాయిలు, బొద్దింకల మందు, తాత బీపీ మాత్రలు, పల్లెల్లో అయితే పురుగుమందు డబ్బా... ఏ ఇంట్లో విషం లేదు? మరి వాటికి లేని తప్పు దీనికెందుకు?

తేడా విషంలో లేదు. కర్పూరం ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. పాప అటు పోతుంటే అవ్వ హాలులోంచే కేక వేస్తుంది. బీపీ మాత్రల మీద పేరుంది. ఒకవేళ జరగరానిది జరిగినా, ఏం మింగిందో ఎవరో ఒకరు డాక్టరుకి చెప్పగలరు. ఇంటిల్లిపాదీ కలిసి కాపలా కాస్తా ఉంటారు కాబట్టే ఆ ప్రమాదం అదుపులో ఉంటుంది. వీడి సీసాకి కాపలా వీడొక్కడే. వీడు నిద్రపోతే, ఊరికి పోతే, మాల వేసుకుని కొండకి నడిచిపోతే, కాపలా లేదు. అసలు అక్కడ కాపలా కాయాల్సింది ఒకటుందనే ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆఫీసులో మేము కూడా ఇదే చెప్పుకుంటాం. ఒక సర్వర్ ఎలా నడుస్తుందో ఒక్కడికే తెలిసి ఉంటే, వాడు ఎంత తెలివైనవాడైనా సరే, ఆ సర్వర్ ప్రమాదంలో ఉన్నట్టే.

మన తెలుగులో ఒక విచిత్రం చూడండి. "దాచడం" అనే ఒక్క మాటకి రెండు అర్థాలు. భద్రంగా పెట్టుకోవడమూ దాచడమే, ఎవరికంటా పడకుండా కప్పిపెట్టడమూ దాచడమే. పాప పెళ్ళికి డబ్బు దాచామంటే భద్రం. అమ్మకి తెలియకుండా సీసా దాచామంటే దాపరికం. చేతులు చేసే పని ఒకటే, బీరువా తలుపు ఒకటే. మరి ఏది ఏదో తేల్చుకునేదెట్లా?

నాకు తోచిన పరీక్ష ఒకటుంది. నువ్వు లేనప్పుడు అది బయటపడితే ఏమవుతుంది?

దీనికి మన కొండ మీదే పెద్ద ఉదాహరణ ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యులు 1503లో పరమపదించారు. ఆయన సంకీర్తనల్ని ఆ వంశంవాళ్ళు రాగిరేకుల మీద చెక్కించి, శ్రీవారి ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దాచారు. శతాబ్దాల పాటు అవి అక్కడే ఉన్నాయి. 1920ల్లో వెలుగులోకి వచ్చాయి. దాచినవాళ్ళు అప్పటికి లేరు, అడుగుదామంటే ఎవరూ లేరు. అయినా రేకు మీద అక్షరం ఉంది కాబట్టి, చేతికి వచ్చినవాళ్ళకి అది ఏమిటో తెలిసింది. ఈరోజు ఇంటింటా ఆ పాటలు వినపడుతున్నాయి. దాచడం అంటే అది. దాచినవాడు లేకపోయినా, దొరికినవాడికి మేలే జరిగింది.

ఇప్పుడు పేరు లేని ఆ ఎసెన్స్ సీసాని ఇదే పరీక్షకి పెట్టండి. వీడు మీటింగులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నప్పుడు అది పాపకి దొరికితే? "మామిడి ఎసెన్స్ అనుకుంటా" అని అమ్మ పాయసంలో రెండు చుక్కలు వేస్తే?

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2014 డిసెంబరులో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది వయసున్న పిల్లవాడు ఇంట్లో ఉన్న నికోటిన్ ద్రవం మింగి చనిపోయాడు. 2016 జనవరిలో ఆ దేశం, ఈ ద్రవాల సీసాలకి పిల్లలు తియ్యలేని మూత ఉండి తీరాలని చట్టం చేసింది. బ్రిటన్‌లో నికోటిన్ ఉన్న సీసా 10 మిల్లీలీటర్లకి మించకూడదు, మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, హెచ్చరిక రాసి ఉండాలి. అంటే దీన్ని అనుమతించిన దేశాలు కూడా "నీ ఒళ్ళు నీ ఇష్టం" అని వదిలేయలేదు. పెద్దవాడి ఇష్టాన్ని పెద్దవాడికి వదిలి, సీసాని మాత్రం పిల్లల కోసం కట్టడి చేశాయి.

మన దేశంలో 2019 సెప్టెంబరు 18 నుంచి ఇ-సిగరెట్లు నిషేధం. నికోటిన్ ఉన్నా లేకపోయినా నిషేధమే. ఆ చట్టం పేరు చదివితే ఒక సంగతి కనపడుతుంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన, ఇవన్నీ పేరులోనే ఉన్నాయి. "పీల్చడం" అన్న మాట లేదు. నిల్వకి ఆరు నెలల దాకా జైలు, లేదా 50 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పరికరం లేకుండా ద్రవం ఒక్కటే ఉంటే ఏమవుతుందనే వాదన వకీళ్ళకి వదిలేద్దాం. నేను చూసేదల్లా, చట్టం కూడా "యాడ పెట్టావు" అనే అడిగింది.

దీనికి వాడు గట్టి జవాబే చెప్పాడు. "అన్నా, అసలు నిషేధం లేకపోతే నేను దుకాణంలో గట్టి మూత ఉన్న సీసా కొనుక్కునేవాడిని, దాని మీద పేరు ఉండేది. దాచే పరిస్థితి తెచ్చింది నేను కాదు కదా."

ఈ మాటని నేను కొట్టిపారేయలేను. ఏ వస్తువునైనా నిషేధిస్తే అది కొంతవరకు చీకట్లోకి పోతుంది, నిజమే. నిషేధం మంచిదా, కట్టడితో అనుమతించడం మంచిదా అని తెలిసినవాళ్ళు కూడా వాదించుకుంటూనే ఉన్నారు. కానీ ఆ వాదన ఎటు తేలినా, ఇవాళ రాత్రి ఆ బీరువాలో సీసా పెట్టింది ప్రభుత్వం కాదు. పాపకి చట్టం తెలియదు, చెయ్యి అందుతుందా లేదా అన్నదే తెలుసు. ఇంకో మాట. అమ్మకి చెప్పొద్దని ఏ చట్టమూ అనలేదు. దుకాణంవాడి దగ్గర సీసాకి పేరు లేకపోవడం నిషేధం వల్ల కావచ్చు. ఇంట్లో సీసాకి పేరు లేకపోవడం సిగ్గు వల్ల. ఆ సిగ్గు మోయలేక వాడు దాన్ని పాప మీదికి తోశాడు. వాడికి తెలియకుండానే తోశాడు, కానీ బరువు పాప మీదే ఉంది.

నా దృష్టిలో తప్పు ఉన్నది అక్కడ. గ్లిజరిన్‌లో కాదు, ఆవిరిలో కాదు. నా సుఖానికి అయ్యే ఖర్చు, ఆ ఖర్చు ఉందని కూడా తెలియనివాళ్ళ పద్దులో రాయడంలో ఉంది. తెలిసి ఒప్పుకున్నవాడు నష్టపోతే అది వాడి ఎంపిక. తెలియనివాడి మీద పెట్టిన ప్రమాదాన్ని "నా ఒళ్ళు నా ఇష్టం" అనే మాట కప్పలేదు.

మాల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. వేప్ దీక్షకి పనికొస్తుందా రాదా అనే తీర్పు గురుస్వాములది, నాది కాదు. అయితే ఒకటి గమనించండి. అలిపిరి దగ్గర మన సంచులన్నీ తనిఖీ చేస్తారు. పొగాకు, మద్యం, మాంసం పైకి పోనివ్వరు. ఆ క్యూలో నిలబడినప్పుడు చాలామందికి ఏ బెరుకూ ఉండదు, సంచి తెరిచి చూపిస్తారు, ముందుకి పోతారు. దీక్షలో ఉన్నన్నాళ్ళు మన గదినీ అలా ఎవరు అడిగినా తెరిచి చూపించగలిగితే, మెడలో మాలకి అంతకంటే పెద్ద గౌరవం ఏముంటుంది?

చివరికి వాడికి నేను చెప్పినవి ఇవి. మీ ఇంట్లో కూడా ఇలాంటివాళ్ళు ఉంటే పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు ఇంట్లో ఒక పెద్ద మనిషికి చెప్పు, ఈ రోజే. తిడితే తిట్టించుకో. ఉన్న సీసాల మీద "నికోటిన్, విషం" అని తెలుగులో పెద్దగా రాయి, తాళం వెయ్యి. ఇక కలపడం ఆపు. మిగిలిన ద్రవాన్ని సింకులో, కాలవలో పోయొద్దు. మూత బిగించి, పురుగుమందు డబ్బాల్లాగే ప్రమాదకరమైన చెత్త అని మున్సిపాలిటీ వాళ్ళకి విడిగా చెప్పి అప్పజెప్పు. నికోటిన్ మీద మనసు లాగుతా ఉంటే అది బలహీనత అని కుమిలిపోవద్దు, దానికి వైద్యం ఉంది. డాక్టరుని అడిగితే నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి కొలత ప్రకారం ఇస్తారు, క్రమంగా తగ్గిస్తారు. పొగాకు మానాలనుకునేవాళ్ళకి ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800 112 356.

అందరికీ ఇంకో మాట. పిల్లలు ఇలాంటిది మింగారని అనుమానం వస్తే వాంతి చేయించాలని చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, దగ్గరున్న ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ సీసాని కూడా వెంట తీసుకుపోండి. వాంతులు, చెమటలు, నోట్లోంచి చొంగ, మొహం పాలిపోవడం, ఫిట్స్, ఇవి నికోటిన్ ఎక్కిన గుర్తులు. అవి కనపడేదాకా ఆగొద్దు.

వాడు అమ్మకి చెప్పాడంట. వాడు భయపడినట్టు ఆమె అరవలేదు. "పాప పోయినవారం ఆ బీరువా దగ్గరే ఆడుకుంది రా" అని మాత్రం అనిందంట. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోలేదంట. వేప్ పూర్తిగా మానాడా అని నేను అడగలేదు. సీసాలు ఇంట్లో లేవని మాత్రం తెలుసు.

మీ ఇంట్లో కూడా మీ ఒక్కరికే తెలిసిన వస్తువు ఏదైనా ఉందా? వేప్ కానక్కర్లేదు. మందు సీసా కావచ్చు, అప్పు కాగితం కావచ్చు, ఎవరికీ చెప్పని నిద్రమాత్రలు కావచ్చు. మీరు లేనప్పుడు అది ఎవరి చేతికి దొరుకుతుందో ఈ వారం ఒక్కసారి ఆలోచించండి.

ఓం నమో వేంకటేశాయ.